డీవో సెన్సర్‌ను శుభ్రంగా ఉంచుకుంటూ ఒక పంట: నా అనుభవం

రాత్రి రెండు దాటాక మా వైపు ఎవరైనా టార్చిలైటు పట్టుకుని చెరువు గట్టు మీద నడుస్తున్నారంటే ఎందుకో అడగక్కర్లేదు, ఆక్సిజన్ చూసుకోవడానికే. ఎండ ఉన్నంతసేపూ నీళ్ళలోని ప్లాంక్టన్, అంటే కంటికి ఆనని సన్నటి పాచి, ఆక్సిజన్ వదులుతుంది. పొద్దుగూకాక అదే ప్లాంక్టన్, రొయ్య, అడుగున కుళ్ళే మేత, బ్యాక్టీరియా అన్నీ కలిసి దాన్ని పీల్చేస్తూ పోతాయి. తెల్లవారుజామున నాలుగు, అయిదు గంటలకు చెరువులో మిగిలేదే ఆ రోజు మొత్తానికి అతి తక్కువ. మేం పెంచే వనామీ రకం రొయ్యకు డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, 4 పీపీఎంకి (లీటరుకు 4 మిల్లీగ్రాములు) తగ్గకూడదు, 5 ఉంటే నిశ్చింత. 3 కిందికి జారిందంటే మేత వదిలేస్తుంది. ఇంకా జారితే తేలి గట్టు వారకు చేరుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో భీమవరం, ఉండి, కైకలూరు చుట్టుపక్కల రైతుకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఆ అంకె మనకు చెప్పేది ఒక సెన్సర్ కొన. మీటరు కొనేటప్పుడు అందరం ధర అడుగుతాం, వారంటీ అడుగుతాం, ఫోనుకు మెసేజ్ వస్తుందా అని అడుగుతాం. ఆ కొనను నెలల తరబడి బురద నీళ్ళలో శుభ్రంగా ఎలా ఉంచుకోవాలి అని అడిగేవాళ్ళు నాకు తక్కువగానే కనిపించారు. మీటరు లేని రైతు రొయ్యను చూస్తాడు, నీటి రంగు చూస్తాడు, మేత తిందో లేదో తెలియడానికి నీళ్ళలో ఉంచిన చెక్ ట్రే ఎత్తి చూస్తాడు. మీటరు ఉన్నవాడు అంకె చూసి పడుకుంటాడు. అందుకే తప్పు చెప్పే మీటరు, అసలు మీటరు లేకపోవడం కంటే ప్రమాదం అంటాను. సెన్సర్‌కు పాచి, బురద, మందులు ఏం చేస్తాయో, దాన్ని కాపాడుకోవడానికి నేను ఏ పద్ధతికి వచ్చానో ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా చెరువులో సెన్సర్ పెట్టుకోబోయేవాళ్ళకు పనికొస్తుందని.

ముందు చాలాకాలం నా దగ్గర ఉన్నది చేతి మీటరు. పొడుగు వైరు చివర నీళ్ళలో ముంచే కడ్డీ, అదే ప్రోబ్, దాని కొనకు పల్చటి ప్లాస్టిక్ పొర, పొర వెనకాల పొటాషియం క్లోరైడ్ ద్రవం, అందులో బంగారపు చుక్కలాంటి కేథోడ్, చుట్టూ వెండి ఆనోడ్. ఆక్సిజన్ పొరగుండా లోపలికి వెళ్ళి కేథోడ్ దగ్గర ఖర్చయిపోతుంది, అప్పుడు పుట్టే చిన్న కరెంటును మీటరు కొలుస్తుంది. రక్తంలో ఆక్సిజన్ కొలవడానికని లేలాండ్ క్లార్క్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1956లో ప్రకటించిన పద్ధతి ఇది. ఆసుపత్రి కోసం పుట్టిన పనిముట్టును మనం రొయ్యల చెరువులో ముంచుతున్నాం. దాని నాజూకుతనం అక్కడి నుంచి వచ్చిందే.

ఈ రకం సెన్సర్‌కు మా చెరువుల్లో మొదటి శత్రువు అడుగు బురద. ప్రోబ్‌ను అడుగుదాకా వదిలి లాగితే పొర మీద మన్ను పూసుకుపోతుంది. ఆక్సిజన్ లోపలికి వెళ్ళే దారి సగం మూసుకుపోయినట్టే, అంకె తక్కువ వస్తుంది. అంతకంటే పాడుచేసేది ఆ బురదలోంచి వచ్చే వాయువు. నల్లగా మారిన అడుగును కర్రతో కెలికితే కోడిగుడ్డు మురిగిన వాసన వస్తుందే, ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ పొరను దాటి లోపలికి పోతుంది. వెండితో కలిసి నల్లటి పూత కడుతుంది. ఒకసారి పొర విప్పి చూస్తే మెరవాల్సిన వెండి పట్టీ పాత ఇంటి వెండి కుంకుమభరిణెలా నల్లబడి ఉంది. ఆ స్థితిలో ఎన్నిసార్లు కాలిబ్రేషన్ (మీటరు అంకెను సరిదిద్దడం) చేసినా అంకె నిలబడదు, కాసేపట్లోనే జారిపోతుంది. దానికి మందు మీటరుతో వచ్చిన పుస్తకంలోనే ఉంది. పొర తీసేసి, 3 శాతం అమోనియాలో రాత్రంతా నానబెట్టి, మంచి నీళ్ళతో బాగా కడిగి, కొత్త ద్రవం, కొత్త పొర వేసుకోవడం. బంగారం మీద మాసిన పూతను మీటరుతో ఇచ్చిన సన్నటి గరుకు కాగితంతోనే తేలిగ్గా రుద్దాలి. గట్టి ఉప్పుకాగితం పెడితే ఆ కొన ఇక బాగుపడదు.

పొర వేసుకోవడం కూడా చేతి నేర్పు పనే. లోపల గాలి బుడగ ఒక్కటి చిక్కినా అంకె నిలకడగా ఉండదు. పొర మీద ముడత పడినా అంతే. ద్రవాన్ని పొర ఉండే టోపీ అంచుదాకా నింపి, గోటితో రెండుసార్లు తట్టి బుడగలను పైకి రప్పించి, అప్పుడు మెల్లగా తిప్పుతూ బిగించాలి. ఎక్కువ ద్రవం పక్కనుంచి కారిపోతుంది, కారనివ్వాలి. ఆ పొరను వేలితో తాకకూడదు. మన చేతికి ఎప్పుడూ మేత నూనె అంటుకునే ఉంటుంది.

ఇంకో సంగతి. ఈ రకం సెన్సర్ కొలిచేటప్పుడే ఆక్సిజన్‌ను ఖర్చు పెడుతుంది కాబట్టి నీళ్ళలో ఊరికే వేలాడదీస్తే తక్కువ చూపిస్తుంది, మెల్లగా కదుపుతూ ఉండాలి. ఎండలో కారు డాష్‌బోర్డు మీద పెట్టి మర్చిపోతే పొర వెనక ద్రవం ఎండిపోతుంది. నాకు తెలిసిన మీటర్లలో చెరువులో పాడైనవాటి కంటే కార్లలో, బైకు డిక్కీల్లో పాడైనవే ఎక్కువ.

మీటరు మాట నమ్మాలా వద్దా అని తేల్చుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది, ఇప్పటికీ నేను దాన్నే న్యాయమూర్తిగా పెట్టుకుంటాను. హంగరీకి చెందిన లాయోష్ వింక్లర్ 1888లో చెప్పిన పద్ధతి. గాజు మూత సీసాలో బుడగ లేకుండా చెరువు నీళ్ళు నింపి, ల్యాబ్‌వాళ్ళు ఇచ్చిన రెండు మందులు అక్కడికక్కడే వేస్తే లోపల గోధుమరంగు మడ్డి దిగుతుంది. ఆక్సిజన్ ఎంత ఉంటే రంగు అంత చిక్కగా ఉంటుంది. అసలు లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. ల్యాబ్‌లో దానికి ఆమ్లం కలిపి, పసుపు పచ్చగా మారిన నీళ్ళలో థయోసల్ఫేట్ చుక్కలు వదులుతారు. చివర్లో గంజి ద్రవం వేస్తే నీలం తిరుగుతుంది, ఆ నీలం పోయిన చుక్క దగ్గర ఆపి లెక్క చూస్తారు. 200 మిల్లీలీటర్ల నీళ్ళు తీసుకుని సరైన బలం ఉన్న థయోసల్ఫేట్ వాడితే ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో అదే పీపీఎం. ఈ పద్ధతికి పాచి పట్టదు, పొర చిరగదు. ఏ సెన్సర్ కొన్నా పంట మొదట్లో ఒకసారి దీనితో సరిచూసుకోమని ఎవరికైనా చెబుతాను.

చేతి మీటరుతో చిక్కల్లా మనిషి గట్టు మీద ఉన్నప్పుడే అది మాట్లాడుతుంది. మా కాపలా అబ్బాయి రాత్రి ఎన్నిసార్లు లేచినా, రెండు కొలతల మధ్య చెరువులో ఏం జరిగిందో తెలియదు. అందుకే చెరువులోనే ఎప్పుడూ ఉండే సెన్సర్ పెట్టాలనుకున్నాను. అందులోనూ పొర, ద్రవం లేని ఆప్టికల్ రకం ఎంచుకున్నాను. దాని కొనకు ఒక చిన్న టోపీ ఉంటుంది, టోపీ లోపలి పూతలో ఒక రంగు పదార్థం. దాని మీద నీలి కాంతి వేస్తే అది ఎర్రగా వెలుగుతుంది. చుట్టూ ఆక్సిజన్ ఎక్కువుంటే ఆ వెలుగు త్వరగా ఆరిపోతుంది, తక్కువుంటే కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. ఆరిపోయే వేగాన్ని బట్టి లెక్క. ఆక్సిజన్‌ను తినదు కాబట్టి నిలకడ నీళ్ళలోనూ సరిగ్గా చెబుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్‌కు చెడిపోదు. ధర ఎక్కువే, కానీ మా నల్ల అడుగులకు ఇదే తగినదని ఇప్పటికీ అంటాను.

అయితే దీనికి శత్రువులు లేకపోలేదు, వేరేవాళ్ళున్నారు. రంగు పూతకు సూటి ఎండ తగిలితే వెలిసిపోతుంది. స్పిరిట్, పెట్రోలు, థిన్నర్ లాంటివి ఆ పూతను తినేస్తాయి. గీత పడితే పూత లేస్తుంది. అన్నిటికంటే ముందు, నీళ్ళలో రాత్రీ పగలూ ఉండేది కాబట్టి పాచి పడుతుంది.

సెన్సర్ ఎక్కడ దించాలన్నదే మొదటి పేచీ. బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ మేత వేసే బల్ల పక్కన పెడదామన్నాడు, తీయడం సులువని. ఆ బల్లకు దగ్గర్లోనే ప్యాడిల్ వీల్ ఏరేటర్, అంటే నీళ్ళను చిమ్మి గాలి కలిపే చక్రాల యంత్రం, తిరుగుతోంది. అక్కడ వద్దన్నాను. ఏరేటర్ చిమ్మే బుడగలు సెన్సర్ ముఖం మీద అంటుకుంటే అది చెరువు ఆక్సిజన్‌ను కాదు, బుడగలోని గాలిని కొలుస్తుంది. తెల్లవారుజామున చెరువులో 3 ఉన్నప్పుడు కూడా అది 5, 6 చూపించొచ్చు. తక్కువ చూపిస్తే కరెంటు దండగ, అంతే. ఎక్కువ చూపిస్తే పంట పోతుంది. అందుకే అలాంటి తప్పుకు తావిచ్చే చోటును మొదటే వదిలేయాలి. చివరికి ఏరేటర్ల నీటి తిరుగుడు చేరేదీ, బుడగలు చేరనిదీ అయిన చోటు చూసి, రెండు సరుగుడు కర్రలు పాతి, వాటికి రంధ్రాలు వేసిన పీవీసీ పైపు కట్టి, అందులో ప్రోబ్ దించాం. చెరువు అడుగు నుంచి ఒక అడుగు (పన్నెండు అంగుళాల) ఎత్తులో, కొన కాస్త పక్కకు ఒరిగి ఉండేలా. నిట్టనిలువుగా కిందికి చూస్తుంటే బుడగ ముఖం కిందే చిక్కుకుని ఉండిపోతుంది, ఏటవాలుగా ఉంటే జారిపోతుంది. అడుగు మరీ దగ్గరైతే రొయ్య లేపే బురద, మరీ పైనుంటే ఎండ. పైగా రొయ్య ఉండేది కిందే. వాన పడిన రోజు తీపి నీళ్ళు పైన తేలి, కింద ఉప్పు నీళ్ళు కదలకుండా ఉండిపోతాయి. అప్పుడు పైన కొలిచే సెన్సర్ చెప్పేదానికి, కింద రొయ్య పడే అవస్థకు సంబంధం ఉండదు.

పిల్ల వదిలిన మొదటి వారాల్లో సెన్సర్‌తో పనే లేదనిపించింది. నీళ్ళు తేటగా ఉన్నాయి, మేత కొద్దిగానే పడుతోంది, వారం తర్వాత తీసి చూసినా కొన అద్దంలా ఉంది. నెల దాటి నీళ్ళు ఆకుపచ్చగా చిక్కబడ్డాక కథ మారింది. ఒక రాత్రి మా కాపలా అబ్బాయి ఫోను చేశాడు. "మూడు కిందికి చూపెడతందండి, ఏరేటర్లన్నీ వేసేశానండి, అయినా ఎక్కట్లేదండి" అన్నాడు. రొయ్య ఎలా ఉందని అడిగితే "రొయ్య బాగానే ఉందండి, చెక్ ట్రేలో మేత కూడా తినేసిందండి" అన్నాడు. నేను వెళ్ళి చేతి మీటరు పక్కనే దించితే 4.5 వచ్చింది. పైపులోంచి ప్రోబ్ పైకి లాగాం. కంటికి పెద్దగా ఏమీ కనిపించలేదు. టార్చి వెలుతురులో గోటితో అంచు మీద తాకితే జారింది. టోపీ ముఖమంతా పల్చటి జిగురు, లేత గోధుమరంగు, మధ్యలో సన్నటి ఆకుపచ్చ పోగులు. మంచినీళ్ళ సీసాతో కడిగి, తడి నూలు గుడ్డతో ఒకే వైపు మెల్లగా తుడిచి, మళ్ళీ దించితే కాసేపటికి 4.4 దగ్గర నిలబడింది.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ రాత్రి సంగతి కాదు, అంతకు ముందు మధ్యాహ్నాల లెక్కలు. రికార్డు తీసి చూస్తే ఆ వారం పగటి అంకెలు చేతి మీటరు చెప్పినదానికంటే ఎక్కువున్నాయి, రాత్రివి తక్కువున్నాయి. ఒకే జిగురు పగలు ఒకలా, రాత్రి ఇంకోలా అబద్ధం చెప్పింది. కారణం తెలిస్తే వింతేం కాదు. ఆ జిగురులో ప్రాణమున్న పాచి ఉంది, బ్యాక్టీరియా ఉంది. పగలు ఆ పాచి సెన్సర్ ముఖం మీదే ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అక్కడే పీలుస్తుంది. సెన్సర్ కొలిచేది చెరువును కాదు, తన ముఖం మీద మొలిచిన ఇంకో చిన్న చెరువును. పగటి అబద్ధమే ఎక్కువ ప్రమాదమని అప్పుడు అర్థమైంది. సాయంత్రానికి 9 ఉందనుకుని ఏరేటర్లు ఆలస్యంగా వేస్తాం, నిజానికి 7 ఉంటుంది, ఆ తేడా తెల్లవారుజామున మనమీద పడుతుంది.

అప్పట్నుంచి నాకు ఒక పద్ధతి అలవడింది, ఈ రాతలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే అనుకుంటాను. సెన్సర్ కడిగే ప్రతిసారీ కడగక ముందు అంకె, కడిగాక అంకె, టైము, మూడూ గట్టు మీది నోటు పుస్తకంలో రాస్తాం. రెండింటికీ తేడా 0.2 లోపు ఉంటే ఆ వ్యవధి సరిపోయింది. 0.5 దాటితే మనం ఆలస్యంగా కడుగుతున్నాం, వ్యవధి తగ్గించాలి. ఫలానా రోజులకొకసారి కడగమని ఎవరో చెప్పిన లెక్క ఏ చెరువుకూ కుదరదు. తేట నీళ్ళలో వారానికోసారి చాలు. బ్లూమ్, అంటే నీళ్ళను ఆకుపచ్చగా మార్చే ప్లాంక్టన్, చిక్కగా ఉన్నప్పుడు రెండు మూడు రోజులకే జిగురు పడుతుంది. బెల్లం, ప్రొబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) పులియబెట్టి చల్లిన తర్వాత ఇంకా త్వరగా పడుతుందని మా పుస్తకంలో అంకెలే చెప్పాయి. కడగడం కూడా పొద్దున్నే చేస్తాం, ఎండ ఎక్కకముందు.

దేనితో కడగాలన్నదాంట్లో మా అబ్బాయిలకు నాకు కొంత వాదన నడిచింది. ఒకడు పళ్ళు తోముకునే బ్రష్షు తెచ్చాడు, ఇంకొకడు చేతులకు రాసుకునే శానిటైజర్. బ్రష్షు ప్రోబ్ ఒంటికి, పైపుకు ఫర్వాలేదు, ముఖానికి వద్దన్నాను. శానిటైజర్‌లో ఉండేది స్పిరిట్, అది అసలు దగ్గరికే రాకూడదు. నాలుగైదుసార్లు ఉతికిన పాత నూలు లుంగీ ముక్క, మంచినీళ్ళు, మరీ జిగురుంటే గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు ఒక్క చుక్క. సున్నం, డోలమైట్ చల్లిన తర్వాత తెల్లటి గట్టి పెచ్చు పడితే దాన్ని గీకకూడదు, వంటింటి వెనిగర్‌లో పది పదిహేను నిమిషాలు ఉంచితే దానంతట అదే కరుగుతుంది. తర్వాత మంచినీళ్ళతో బాగా కడగాలి. మీ సెన్సర్‌తో వచ్చిన పుస్తకం వెనిగర్ వద్దంటే వద్దు, ఆ పుస్తకం మాటే పైన.

కాలిబ్రేషన్ ఎప్పుడూ కడిగాకే. మురికి ముఖంతో కాలిబ్రేట్ చేస్తే ఆ మురికిని కూడా మీటరు లెక్కలో కలిపేసుకుంటుంది, తర్వాత కడిగిన రోజు నుంచి అన్ని అంకెలూ తప్పుతాయి. అడుగున తడి స్పాంజి ముక్క ఉన్న చిన్న డబ్బాలో ప్రోబ్‌ను ఉంచి, ముఖం మీద నీటి బొట్టు లేకుండా చూసి, నీడలో పావుగంట వదిలేస్తే లోపల గాలి పూర్తిగా తేమెక్కుతుంది. అప్పుడు మీటరుకు ఇదే 100 శాతం అని చెప్పాలి. ఎండలో చేస్తే డబ్బా వేడెక్కి లెక్క చెడుతుంది. ఇక్కడే ఉప్పదనం కూడా సరిగ్గా ఇచ్చామా అని చూసుకోవాలి. 30 డిగ్రీల దగ్గర మంచినీళ్ళు పట్టుకోగలిగేది 7.5 పీపీఎం చిల్లర, అదే సముద్రపు నీళ్ళు 6.2 మాత్రమే. మీటరులో ఉప్పదనం సున్నా అని వదిలేసి 20 పీపీటీ (వెయ్యికి 20 వంతుల ఉప్పు) నీళ్ళలో ముంచితే సెన్సర్ ఎంత శుభ్రంగా ఉన్నా పది శాతం పైనే ఎక్కువ చెబుతుంది. మొగల్తూరు వైపు ఉప్పు చెరువుల్లో ఇది చిన్న తేడా కాదు.

పాచి పడకుండా అడ్డుకోవడానికి ఒక ప్రయత్నం చేశాం. ప్రోబ్ కొన చుట్టూ రాగి జాలీ తొడుగు. సముద్రంలో ఉంచే పరికరాలకు ఇది పాత ఉపాయమే, రాగి మీద పాచి, గవ్వలు త్వరగా పట్టవు. మా దగ్గరా వ్యవధి కాస్త పెరిగింది. కానీ రెండు జాగ్రత్తలు. రాగి స్టీలు ఒంటికి తగలకూడదు, ఉప్పు నీళ్ళలో రెండు లోహాలు తాకితే తుప్పు తినేస్తుంది. మధ్యలో రబ్బరు పట్టీ వేశాం. రెండోది, జాలీ కళ్ళు మరీ సన్నగా ఉంటే బురదతో అవే మూసుకుపోయి లోపల నీళ్ళు నిలిచిపోతాయి. ముఖాన్ని తనే తుడుచుకునే చిన్న వైపర్ ఉన్న సెన్సర్లు కూడా వస్తున్నాయి. అవి మంచివే, అయితే వైపర్ రబ్బరులో ఇసుక రేణువు చిక్కితే తుడిచిన ప్రతిసారీ ముఖం మీద గీతే. వైపరుంది కదా అని చూడటం మానేయకూడదు.

మందులు చల్లే రోజుల్లో సెన్సర్‌ను తీసేస్తాం. చెరువు తయారీలో, రిజర్వాయర్‌లో బ్లీచింగ్ వేసేటప్పుడు అది నీళ్ళలో ఉండాల్సిన పనే లేదు. శానిటైజర్ మందులు, సున్నం, జియోలైట్, మినరల్స్ చల్లే పూట కూడా తీసి కడిగి తడి డబ్బాలో పెట్టి, నీళ్ళు తేరుకున్నాక దించుతాం. ఆ కాసేపు చేతి మీటరే దిక్కు. అందుకే ఆప్టికల్ వచ్చాక కూడా పాతదాన్ని వదల్లేదు. మేతకు నూనె, బైండర్ పట్టించే షెడ్డులో ప్రోబ్‌ను ఆరబెట్టకండి, ఆ నూనె తుంపర ఒక్కసారి ముఖానికి పడితే సబ్బు నీళ్ళతో కూడా ఓ పట్టాన పోదు.

కొన గురించి ఇంత రాశాను గానీ, ఖర్చు పెట్టించింది వైరు. ఎలుకలు గట్టులో బొరియలు చేస్తాయి, ఎండ్రకాయలు పైపు సందుల్లో దూరతాయి. వైరును నేలలో పాతేటప్పుడు పీవీసీ గొట్టంలోంచి తీసుకెళ్ళాం, గొట్టం రెండు చివరలా మూశాం. ఏరేటర్ల కరెంటు కేబుల్‌తో ఒకే గొట్టంలో ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. అంకెలు ఎగుడుదిగుడవుతాయి, అంతకంటే ముఖ్యంగా ఎక్కడైనా పై తొడుగు కొరికిపోతే ప్రోబ్ తీసే మనిషి ప్రాణానికే ముప్పు. జాయింటు దగ్గర ఉండే రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. రాసిన చేత్తో సెన్సర్ ముఖం తాకకూడదు. ప్రోబ్‌ను వైరు పట్టుకుని లాగడం మా చెరువు మీద మానిపించాను. పైపు పైన కొక్కేనికి నైలాను తాడు కట్టాం, బరువంతా తాడుదే. వేసవి చివర ఉరుములు మొదలయ్యే రోజుల్లో పిడుగు దూరంగా పడినా పొడుగు వైరు ఆ పోటును పట్టుకుని గట్టు మీది మీటరు డబ్బాలోకి తెస్తుంది. డబ్బాకు మంచి ఎర్తింగు, సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించిన తర్వాతే నాకు నిద్ర పట్టింది.

ఏరేటర్లను సెన్సర్ చేతికి అప్పగించాలా అని చాలామంది అడుగుతారు. అంకె పడితే వేసేలా, పెరిగితే ఆపేలా పెట్టుకోవచ్చు, కరెంటు కలిసొస్తుంది, నిజమే. నేను వేయడం వరకే అప్పగించాను. రాత్రిపూట ఆపే అధికారం దానికి ఇవ్వలేదు. సెన్సర్ అంకె పంపడం మానేసినా, అరగంటపాటు ఒకే అంకె కదలకుండా ఉన్నా అన్ని ఏరేటర్లూ తిరిగేలా, ఫోను మోగేలా పెట్టించాను. బతికున్న చెరువులో అంకె ఎప్పుడూ కాస్తో కూస్తో కదులుతూనే ఉంటుంది. కదలడం లేదంటే వైరు తెగింది, లేదా సెన్సర్ బురదలోకి జారింది. మా పక్క చెరువు బాబాయ్ ఈ ఏర్పాటు చూసి "అంత డబ్బు పోసి కొని, దాన్ని నమ్మకపోతే ఎలారా?" అన్నాడు. "నమ్ముతాను బాబాయ్, కడిగిన పూట నమ్ముతాను" అన్నాను. ఆయన మర్నాడే తన సెన్సర్ పైకి తీయించాడు. పైపులో మట్టి పేరుకుని సగం ప్రోబ్ అందులోనే కూరుకుపోయి ఉంది.

పట్టుబడి రోజున అందరి కళ్ళూ వల మీదే ఉంటాయి. నీళ్ళు తీసేసిన చెరువులో సెన్సర్ గాలికి, ఎండకు వేలాడుతూ ఉండిపోవడం మా ఊళ్ళో చాలాచోట్ల చూశాను. ఒక్క పూట ఎండకే టోపీ ఎండిపోతుంది, రంగు పూతకు నష్టం. తూము ఎత్తకముందే దాన్ని తీయించడం మా పట్టుబడి పనుల్లో మొదటిదిగా పెట్టాను. తీసి, కడిగి, వైరు మెలి పడకుండా పెద్ద చుట్టగా చుట్టి, తడి స్పాంజి వేసిన మూతలో కొనను ఉంచి, చీకటిగా ఉండే బీరువాలో పెడతాం. ఎప్పుడైనా ఎండిపోయి దొరికితే ఒక రోజంతా మంచినీళ్ళలో నానబెట్టి, తర్వాతే కాలిబ్రేట్ చేయాలి. వెంటనే వాడితే అంకె జారుతూనే ఉంటుంది.

టోపీ ఆయుష్షు మామూలుగా ఏడాది నుంచి రెండేళ్ళు. వాడినా వాడకపోయినా పూత మెల్లగా అరుగుతుంది. బిగించిన తేదీ టోపీ పెట్టె మీద కాదు, ప్రోబ్ వైరుకే చీటీ కట్టి దాని మీద రాయండి, పెట్టెలు పోతాయి. తడి గాలిలో 100 శాతం చూపించి, చెరువులో వింక్లర్ లెక్కకు మాత్రం అందకుండా పోతుంటే, కడిగినా తేడా తగ్గకపోతే టోపీ మార్చే సమయం వచ్చినట్టే. కొత్త టోపీ ధర వింటే గుండె కాస్త బరువెక్కుతుంది, నిజమే. కానీ చదరపు మీటరుకు నలభై, యాభై పిల్లలు వేసి, లక్షల రూపాయల మేత పోసిన చెరువుకు అది పెద్ద మొత్తం కాదు. మా కొత్త పంటకు టోపీ మార్చేశాం. దించిన రోజే ల్యాబ్ నుంచి రెండు సీసాలు తెచ్చి వింక్లర్ చేయించాను, 6.1 వచ్చింది, సెన్సర్ 6.0 చూపించింది. నోటు పుస్తకంలో కొత్త పేజీ తిప్పి ఆ రెండు అంకెలతో మొదలుపెట్టాం.